కమాన్ పట్టీ కత్తి: కొనేముందు ఆకురాయి, కొన్నంక కొబ్బరినూనె

నర్సంపేట దగ్గర మాకు మూడెకరాల మిర్చి చేను. బస్తాల సుతిలి కోసినా, వెదురు చీరినా, పండుగనాడు కోడిని కోసినా నేను వాడేది ఒకటే కత్తి. మడతది కాదు. లారీ కింద బరువు మోసే కమాన్ పట్టీని మా ఊరి కమ్మరాయన సాగగొట్టి చేసిచ్చిండు, పద్దెనిమిదేండ్లాయె. ఈ మధ్య మా తమ్ముని కొడుకు ఫోన్ల మెరిసే కత్తులు చూపెట్టి "ఇది తీసుకోవాల్నా పెద్దనాయినా" అని అడుగుతున్నడు. వానికి చెప్పిందే ఇక్కడ రాస్తున్న.

మెరుపు చూసి కొనొద్దు. స్టెయిన్‌లెస్ అంటే నూటికి పది పదకొండు వంతులకు తక్కువ గాకుండ క్రోమియం కలిపిన ఉక్కు, అందుకే దానికి జంగు తొందరగ పట్టది. నా కత్తి లెక్క కార్బన్ ఉక్కుకు ఆ కాపు లేదు. కానీ మొద్దుబారినప్పుడు ఎవరి కాళ్ళు పట్టుకునే పని లేకుండ ఇంట్ల సానరాయి మీదనే మళ్ళ పదును లేస్తది. నాకు అదే ముఖ్యం.

ఇంటి కప్పుకు వాడే మెత్తని చువ్వలో కార్బన్ పావు శాతం చుట్టూనే ఉంటది, దాన్ని ఎంత కాల్చి నూనెల ముంచినా కత్తికి కావాల్సినంత గట్టిపడది. కమాన్ పట్టీలో, సాధారణంగ ఈఎన్ 45 అనే రకం ఉక్కులో, అర శాతం పైన ఉంటది. బేరింగుల ఉక్కు ఈఎన్ 31లో, 1095 అని ఉక్కు రకం ముద్ర ఉన్న కంపెనీ కత్తుల్లో ఒక శాతం దగ్గర. మన నిజామాబాద్ వైపు కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో, అంటే మట్టి పాత్రల్లో, పెట్టి కరిగించి తీసిన ఉక్కులో ఒకటి నుంచి రెండు శాతం దాకా ఉండేది. పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కపోయిన ఉక్కు అది. కార్బన్ పెరిగినకొద్దీ పదును ఎక్కువ రోజులు నిలుస్తది, బొక్కకు తగిలితే అంచు పెచ్చులూడే భయమూ పెరుగుతది. చేను పనికి కమాన్ పట్టీ చాలు.

కమ్మరాయనను రెండు మాటలు అడగాలె. పట్టీ విరిగినదా? విరిగినదైతే వద్దు, కంటికి కనపడని పగుళ్ళు ఉంటయి. ముంచినంక మళ్ళ కాల్చిండా? ఎర్రగ కాల్చి నూనెల ముంచిన ఉక్కు గాజు లెక్క ఉంటది, కింద పడితే పగులుతది. రెండు వందల డిగ్రీల కాడ ఇంకోసారి వేడి చూపిస్తేనే నిలుస్తది. మా కమ్మరాయన కొలిమిల అలుగుకు, అంటే కత్తి కోసే భాగానికి, అయస్కాంతం పెట్టి చూస్తడు. అంటుకునుడు బంద్ అయినంక ఇంకొంచెం కాల్చి ముంచుతడు.

పోయేటప్పుడు జేబుల సన్న ఆకురాయి పెట్టుకోండ్రి. పిడి పక్కన అంచు మీద మెల్లగ ఒక్కసారి రాయండ్రి. ఆకురాయి జారాలె, లేకుంటే కష్టంగ పట్టాలె. చువ్వను రాసినట్టు కొరికితే అది మెత్తని ఇనుమే. అనుమానముంటే అలుగుకు కిరోసిన్ రాసి, శుభ్రంగ తుడిచి, సుద్ద పూయండ్రి. పగులుంటే గీత లెక్క తడి బయటికొస్తది. అలుగు నాలుగైదు అంగుళాలు, మందం మూడు మిల్లీమీటర్లు సరిపోతది. ఉక్కు పిడి చివరిదాకా పోవాలె.

కొత్త కత్తితోని మామిడికాయ కోస్తే ముక్కలు నల్లబడతయి, ఇనుము వాసన వస్తది. భయపడొద్దు. ఉల్లిగడ్డలు, మామిడికాయలు కోస్తుంటే అలుగు మీద నీలం, బూడిద కలిసిన మరక తేలుతది. దాన్ని తోమి తీసెయ్యొద్దు, ఎర్ర జంగును కొంత ఆపేది అదే. వాడిన వెంటనే కడిగి, పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కలు కొబ్బరినూనె రాస్తే చాలు. పల్లినూనె, సన్‌ఫ్లవర్ నూనె కొన్నాళ్ళకు బంక పడతయి.

2018 మేడారం జాతరల జంపన్న వాగు ఒడ్డున వండుకుని, బెల్లం అంటిన కత్తిని తడి మీదనే తోలు ఒరల పెట్టి ఇంటికి తెచ్చిన. నాలుగు రోజులు తీయలే. తీసేసరికి అలుగు మీద గుంటలు పడ్డయి, ఇప్పటికీ ఉన్నయి. ఒర చేతికి పొడిగ తగిలినా లోపల తేమ ఉంటది. ఒర దారికే, ఇంట్ల కత్తిని నూలుగుడ్డల చుట్టి పెట్టండ్రి.

నూరుడు దగ్గరనే అందరు ఆగమైతరు. నోటుబుక్కు కాగితం మూలను రెండుసార్లు సగానికి మడిస్తే 22న్నర డిగ్రీలొస్తది. ఆ వాలు రాయి మీద పెట్టి చూసుకోండ్రి, మీ చేయికి గుర్తుంటది. ఒక పక్కనే నూరుకుంట పోతే అవతలి అంచున సన్నని గరుకు లేస్తది. పిడి నుంచి మొన దాకా అది వేలికి తగిలినంకనే రెండో పక్క తిప్పాలె. చాలమంది అది లేవకముందే తిప్పుతరు, గంట నూరినా పదును రాదు. ఆఖరికి పాత తోలు బెల్టు మీద, కత్తి వీపు ముందు పోయి అంచు వెనక వచ్చేటట్టు, పది పదిహేనుసార్లు లాగండ్రి.

గిర్రున తిరిగే కరెంటు సాన మీద మాత్రం పెట్టొద్దు. ఒక దుకాణంల ఇస్తే నిప్పురవ్వలు లేపుకుంట రెండు నిమిషాల్ల ఇచ్చిండు. మొన కాడ నీలం మచ్చ. అంత వేడి తాకిన కాడ ఉక్కు మెత్తబడతది. వెదురు మీద పెడితే అంచు మడతపడ్డది. ఆ నీలం పోయేదాకా రాయి మీద నూరేసరికి కత్తి పావు అంగుళం తగ్గింది.

పిడికి తుమ్మకర్ర మంచిది. ఏడాదికోసారి, వానలకు ముందు, దానికి అవిసెనూనె రాసి నీడల ఆరబెడ్త. వానకాలంల వారానికోసారి గుడ్డ విప్పి చూస్త; ఎర్ర చుక్క కనపడితే స్టీలు పీచుకు నూనె అద్ది అక్కడికక్కడనే రుద్దుత.