పాత ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌ను పాస్‌వర్డుల మిల్లులో ఆడించి చూసే పద్ధతి

తిరుపతి భవానీ నగర్‌లో పదకొండేళ్లుగా పాత ల్యాప్‌టాప్‌లు బాగుచేసి అమ్ముతున్నాను. సరుకు ఎక్కువగా చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి వస్తుంది. హాస్టళ్ల నుంచి వచ్చే పిల్లలు అడిగే మొదటి మాట ఒకటే: "అన్నా, ఐ5 ఉందా, ఐ7 ఉందా?" నేను స్టిక్కర్ కింద గోరు పెట్టి ఎత్తి చూపిస్తాను. సులువుగా ఊడివస్తుంది. దాన్ని ఇంకో యంత్రం మీద అతికించడమూ అంతే సులువు.

నేను నమ్మే కొలత జాన్ ద రిప్పర్. సోలార్ డిజైనర్ అనే మారుపేరుతో అలెగ్జాండర్ పెస్ల్యాక్ 1996లో బయటపెట్టిన, పాస్‌వర్డులు ఛేదించే సాఫ్ట్‌వేర్ ఇది. ఊహించిన ప్రతి మాటనూ హ్యాష్‌గా, అంటే వెనక్కి తిప్పలేని గజిబిజి అక్షరాల వరుసగా మార్చి, దాచి ఉన్న హ్యాష్‌తో పోల్చిచూడటమే దాని పని. ఆ పనిలో డిస్కు ప్రమేయం ఉండదు, స్క్రీన్ ప్రమేయం ఉండదు. అందుకే సెకనుకు ఎన్ని మాటలు ఆడించిందో చెప్పే అంకె అచ్చంగా ప్రాసెసర్‌దే.

ఒకసారి ఈ పరీక్ష నడుస్తుంటే, కొడుకుతో వచ్చిన ఒకావిడ పేరు విని బెదిరిపోయింది. "మా వాడిని పోలీసులు పట్టుకుపోరు కదా నాయనా?" అంది. "లేదమ్మా, ఇక్కడ ఎవరి పాస్‌వర్డూ లేదు, పరీక్షకు కావలసిన నమూనాలు అందులోనే ఉంటాయి" అని చెప్పాను. పరాయి వాళ్ల ఖాతా మీద ప్రయోగిస్తే మాత్రం ఐటీ చట్టం 66వ సెక్షన్ ఉంది, మూడేళ్ల దాకా జైలు. ఆ మాట కొడుకు వైపు తిరిగి చెప్పాను.

మొదట యంత్రాన్ని గట్టి బల్ల మీద పెట్టండి, పరుపు మీద వద్దు. ఛార్జర్ తగిలించండి, అది అసలుదేనా చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లు తమది కాని ఛార్జర్ తగిలిస్తే ప్రాసెసర్ వేగాన్ని వాటంతట అవే తగ్గించుకుంటాయి. ఉబుంటు ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి ఆన్ చేస్తే లోపలి విండోస్ జోలికి వెళ్లనక్కర్లేదు. టెర్మినల్‌లో 'ఎల్ఎస్‌సీపీయూ' అని కొడితే ప్రాసెసర్ అసలు పేరు కనిపిస్తుంది. స్టిక్కర్ గొడవ అక్కడితో సరి.

ఆదేశాలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టండి. 'జాన్ --టెస్ట్' అని మాత్రం వదిలేయకండి. జంబో రకంలో (జాన్‌కు ఎన్నో చేర్పులు చేసి పెంచిన రూపం) వందల ఫార్మాట్లు, అంటే హ్యాష్ చేసే పద్ధతులు ఉన్నాయి, అన్నిటినీ వరుసగా కొలుస్తూ కూర్చుంటుంది. నాకు రెండే చాలు.

మొదటిది బిక్రిప్ట్: 'జాన్ --టెస్ట్=10 --ఫార్మాట్=బిక్రిప్ట్'. ఆ 10 సెకన్ల లెక్క. నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మాజియెర్ 1999లో ప్రకటించిన ఈ పద్ధతిని కావాలనే నెమ్మదిగా నడిచేలా కట్టారు. 4 కిలోబైట్ల పట్టికను పదే పదే తిరగరాస్తూ చదువుతుంది. అంత పట్టిక ప్రాసెసర్‌కు అతి దగ్గరగా ఉండే ఎల్1 క్యాష్‌లోనే పడుతుంది కాబట్టి ర్యామ్ ఎంత ఉన్నా అంకె మారదు. కోర్లు ఎన్ని, అవి ఎంత వేగంతో తిరుగుతున్నాయి అన్నదే బయటపడుతుంది.

నేను తప్పు చేసింది ఇక్కడే. తిరుమలలో దుకాణం ఉన్న ఒకాయన నా దగ్గర ఐ5-8250యు యంత్రం కొన్నాడు. కొండ మీద బాగానే ఉంటుందని, కొర్లగుంటలో ఇంటికి తెస్తే ఈడుస్తుందని రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ పొద్దున్నే దుకాణం తీసిన వేళ, 10 సెకన్ల పరీక్ష చేసి "శుభ్రంగా ఉంది సార్" అని పంపేశాను. మూడోసారి మే నెల మధ్యాహ్నం వచ్చాడు. విసుగుతో 300 సెకన్లు నడిపాను. ఫ్యాన్ హోరు మొదలైంది, అడుగు భాగం చేయి పెట్టలేనంత కాలింది. ఆగగానే మళ్లీ 10 సెకన్లు కొలిస్తే మొదటి అంకెలో మూడో వంతు పోయింది. విప్పి చూస్తే ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పేస్టు ఎండి అప్పడంలా విరిగింది, గాలి దారిలో దుమ్ము దూదిలా పేరుకుంది.

ఆ ప్రాసెసర్ మామూలు వేగం 1.6 గిగాహెర్ట్జ్, ఎగబాకితే 3.4. ఎగబాకడానికి చల్లదనం కావాలి. నాలుగు గింజలు వేసి చూస్తే మిల్లు సంగతి తెలియదు, బస్తా పోయాలి. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: చల్లగా ఉన్నప్పుడు 10 సెకన్లు, వెంటనే 300 సెకన్లు, ఊపిరి తీసుకోనివ్వకుండా మళ్లీ 10. మధ్యలోది సగటు మాత్రమే, పడిపోవడాన్ని కప్పేస్తుంది. నేను మొదటి అంకెనూ మూడో అంకెనూ పోల్చుతాను. గోడమీది థర్మామీటర్ చూసి గది వేడి కూడా రాస్తాను.

రెండోది డెస్‌క్రిప్ట్, యూనిక్స్ కాలపు పాత పద్ధతి. జాన్ దీన్ని తమాషాగా చేస్తుంది: ప్రాసెసర్‌లోని వెడల్పాటి రిజిస్టర్‌ను (లెక్క చేసేటప్పుడు అంకెలు పెట్టుకునే గది) ఒక్కో బిట్ ఒక్కో పాస్‌వర్డుకు ఇచ్చి, 128 లేదా 256 పాస్‌వర్డులను ఒకేసారి ఆడిస్తుంది. అందుకే రిజిస్టర్ వెడల్పు ఇందులో తేలిపోతుంది. మూడో తరం ఐ5, నాలుగో తరం ఐ5 పక్కపక్కన పెడితే బిక్రిప్ట్‌లో పెద్ద తేడా ఉండదు, డెస్‌క్రిప్ట్‌లో దూకుడు కనిపిస్తుంది. 2013లో వచ్చిన నాలుగో తరంలో ఏవీఎక్స్2 (ఈ పనిని 256 బిట్ల వెడల్పుతో చేసే సదుపాయం) చేరింది మరి. ఫలితం పక్కన కుండలీకరణంలో 128/128 అని ఉందో 256/256 అని ఉందో చూడండి. దీనికి రెండు అంకెలు వస్తాయి, సాల్టులు (హ్యాష్ చేసేటప్పుడు పాస్‌వర్డుకు కలిపే అదనపు ముక్కలు) ఎక్కువైనప్పుడు ఒకటి, ఒక్కటే అయినప్పుడు ఒకటి. దేన్ని దేనితో పోల్చాలో అడగనక్కర్లేదనుకుంటాను.

ప్రతి ఫలితంలోనూ 'రియల్', 'వర్చువల్' అని రెండుంటాయి. రియల్ గడియారపు సెకనుకు లెక్క, వర్చువల్ అన్ని థ్రెడ్లూ (ప్రాసెసర్ ఒకేసారి నడిపే పని పాయలు) కలిపి ఖర్చుచేసిన సెకనుకు లెక్క. ఎనిమిది థ్రెడ్లూ నిండుగా పనిచేస్తే రియల్ అంకె వర్చువల్‌కు దాదాపు ఎనిమిది రెట్లుంటుంది. బాగా తక్కువైతే వెనుక ఇంకేదో నడుస్తోంది, ఆపి మళ్లీ కొలవండి. ఎన్ని ఓపెన్‌ఎంపీ (పనిని కోర్లకు పంచే ఏర్పాటు) థ్రెడ్లు నడుపుతోందో మొదట్లోనే చెబుతుంది. ఆ వాక్యమే రాకపోతే ఒక్క కోర్ మీదే నడుస్తోందన్నమాట.

ఒక మెలిక ఉంది. ఉబుంటు ఇచ్చే జాన్, మీరే సోర్స్ (ప్రోగ్రాం అసలు కోడు) నుంచి కట్టుకున్న జంబో ఒకటి కావు. సోర్స్ నుంచి కట్టేటప్పుడు అది ఆ యంత్రంలోని ప్రాసెసర్‌ను చూసి, దానికి తగ్గట్టు తయారవుతుంది. దాన్ని అలాగే పాత యంత్రానికి పట్టుకెళ్తే, ఏవీఎక్స్2 కావాలని, క్షమించమని ఒక ముక్క చెప్పి ఆగిపోతుంది. కాబట్టి యంత్రం సత్తా మొత్తం చూడాలంటే దాని మీదే కట్టండి. వేడికి ఎంత పడిపోతుందో మాత్రమే కావాలంటే పెన్‌డ్రైవ్‌లోని ఒకే జాన్ అన్నిటికీ సరిపోతుంది. ఫలితాలను ఫైళ్లలో దాచుకుంటే, జంబోతో వచ్చే రెల్‌బెంచ్ అనే చిన్న ప్రోగ్రాం రెండు యంత్రాల నిష్పత్తులు తీసి ఇస్తుంది.

ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేర్ హ్యాష్‌క్యాట్ వాడకూడదా అని అడుగుతారు. అది ఇప్పుడు ప్రధానంగా గ్రాఫిక్స్ కార్డు మీద నడపడానికి వాడేది, ప్రాసెసర్‌కు జానే నయం.

కొలతలయ్యాక కాగితపు టేపు ముక్క మీద చల్లటి అంకె, వేడి అంకె, గది వేడి, తేదీ రాసి అడుగున అతికిస్తాను. కొర్లగుంట ఆయన యంత్రానికి పేస్టు మార్చి మళ్లీ అదే మధ్యాహ్నపు ఎండలో ఆడించాను. డబ్బు తీసుకోలేదు. టేపు చదివి, "ముందే ఇది రాసి ఉంటే మూడుసార్లు తిరిగేవాణ్ణి కాదు కదయ్యా" అన్నాడు.