హస్‌దేవ్ ఒడ్డున ఆల్చిప్పలు కనబడాలంటే

హస్‌దేవ్ నది ఒడ్డున సముద్రజీవుల శిలాజాలున్న మనేంద్రగఢ్ మెరైన్ ఫాసిల్ పార్కుకి మిట్టమధ్యాహ్నం వెళ్లకండి. ఎండ నడినెత్తిన ఉంటే రాయంతా ఒకటే రంగు. ‘ఏముంది, బండలేగా’ అనుకుని వెనక్కి వచ్చేస్తారు. పొద్దున్నే వెళ్లండి, లేదా పొద్దు వాలే వేళ. వెలుగు పక్కనుంచి పడితేనే చిప్పల అంచులు నీడ తేలి కనబడతాయి. చిన్న టార్చి ఉంటే ఇంకా మంచిది. రాతికి దాదాపు ఆనించి అడ్డంగా వెయ్యాలి.

ఊరు ఛత్తీస్‌గఢ్‌లో, అనూప్‌పూర్ - చిరిమిరి రైలు మార్గం మీద ఉంది. వానాకాలం మాత్రం వద్దు. హస్‌దేవ్ నిండితే ఒడ్డు బండలు మునుగుతాయి, తేలినవి జారతాయి.

నేను బొగ్గు బోరింగుల్లో పనిచేసినవాణ్ణి. మాకు తాల్చీర్ అనే రాతి పొర తగిలిందంటే పని ముగిసినట్టే. దాని కింద బొగ్గుండదు, రాడ్లు పైకి లాగెయ్యడమే. మేం అక్కర్లేదని వదిలేసే ఆ పొరలోనే ఇక్కడ సముద్రం దాగుంది! దాదాపు 28 కోట్ల ఏళ్ల కిందట హిమానీనదాలు కరిగి నీటిమట్టం పెరిగితే, ఇప్పటి మధ్య భారతంలోకి సముద్రపు పాయ ఒకటి చొచ్చుకొచ్చింది. 1954లో భూవిజ్ఞాని ఎస్.కె. ఘోష్ ఈ శిలాజాలను గుర్తించారు.

మోకాళ్ల మీద కూర్చుని, ఒక్క బండనే తీరిగ్గా చూడండి. దళసరిగా, ఉబ్బెత్తుగా, అంచు వెంబడే సాగే పెరుగుదల గీతలతో ఉంటే అది యూరిడెస్మా. చన్నీళ్ల జీవి, ఆస్ట్రేలియాలోనూ, దక్షిణ అమెరికాలోనూ ఇదే దొరుకుతుంది, అవన్నీ అప్పట్లో గోండ్వానా అనే మహాఖండంలో ఒక్క నేలే కాబట్టి. విసనకర్రలా గీతలు విచ్చుకుని ఉంటే అవిక్యులోపెక్టెన్. చాలాచోట్ల అసలు చిప్ప ఉండదు, కరిగిపోయి అచ్చు మిగులుతుంది. ఫొటోలో ఆ గుంట ఒక్కోసారి ఉబ్బులా కనబడి మోసం చేస్తుంది. అందుకే వెలుగు ఏ వైపునుంచి పడిందో రాసుకోండి, కొలతకి పక్కన రూపాయి బిళ్ల పెట్టండి.

గీతలు తేలాలని కొందరు సుద్దముక్కతో రుద్దుతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఈ పార్కు జాతీయ భూవిజ్ఞాన స్మారకం. సుత్తి సంగతి సరే, రాలిపడిన పెచ్చునైనా జేబులో వేసుకోవద్దు. ఏ పొరలోంచి వచ్చిందో తెలియకపోతే ఆ పెచ్చు ఎవరికీ ఏమీ చెప్పలేదు.