ఈబీవీతో ఎల్‌సీఎల్ తయారీ: రక్తం గొట్టం నుంచి ఫ్రీజర్ దాకా

హెర్పిస్ వైరస్‌లకూ క్యాన్సర్‌కూ ఉన్న లంకె మీద పరిశోధనకు దిగేవాళ్ల చేతికి ముందుగా అలవాటు కావాల్సిన పని, ఎప్‌స్టీన్-బార్ వైరస్ (ఈబీవీ)తో బీ కణాలకు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) చావు లేకుండా చేయడం. 1964లో బర్కిట్ లింఫోమా (బీ కణాల క్యాన్సర్) కణాల్లో బయటపడ్డ ఈ ఈబీవీ, మామూలు బీ కణంలోకి చొరబడి దాన్ని ఆగకుండా విభజన చెందిస్తుంది. అలా పుట్టిన లింఫోబ్లాస్టాయిడ్ సెల్ లైనే ఎల్‌సీఎల్.

మొదట ఒక నిషేధం. మీ సొంత రక్తంగానీ పక్క బెంచీవాళ్ల రక్తంగానీ వాడొద్దు. పొరపాటున సూది గుచ్చుకుంటే పరాయివాళ్ల కణాలను ఒళ్లు గుర్తుపట్టి చంపేస్తుంది, సొంత కణాలనైతే తనవే అనుకుంటుంది. ఎథిక్స్, బయోసేఫ్టీ కమిటీల అనుమతి, దాత సమ్మతి పత్రం చేతిలో ఉన్నాకే క్లాస్-2 క్యాబినెట్ (గాలిని వడకట్టే భద్రతా పెట్టె) ముందు కూర్చోండి.

వైరస్‌కు బీ95-8 కణాలు కావాలి. ఇవి మార్మోసెట్ కోతి బీ కణాలు. 10 శాతం సీరం కలిపిన ఆర్‌పీఎంఐ-1640 (కణాలను పెంచే పోషక ద్రవం, అంటే మీడియా)లో మి.లీ.కు 10 లక్షల చొప్పున ఉంచి, మి.లీ.కు 20 నానోగ్రాముల టీపీఏ (నిద్రాణంగా ఉన్న వైరస్‌ను మేల్కొలిపే రసాయనం)తో ఒక గంట ఉత్తేజపరిచి, మూడుసార్లు కడిగి, కొత్త మీడియాలో 4 రోజులు వదిలేయండి. కడగడంలో బద్ధకిస్తే మిగిలిన టీపీఏ మీ ప్రయోగంలోని కణాలను కూడా రెచ్చగొడుతుంది. తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో కణాలను అడుక్కి దించి, పైనీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకట్టండి. 0.22 వాడితే వైరస్‌లో చాలా భాగం ఫిల్టర్‌కే అంటుకుపోతుంది. అసలు వడకట్టకపోతే మరీ ముప్పు: ఒక్క బీ95-8 కణం జారినా ఫ్లాస్కులో చివరికి కోతి కణాలే పెరగొచ్చు. చిన్న వయల్స్‌గా పంచి మైనస్ 80లో పెట్టండి. కరిగించిన వయల్‌ను మళ్లీ గడ్డకట్టించొద్దు.

10 మి.లీ. రక్తాన్ని అంతే పీబీఎస్ (ఉప్పు బఫర్ ద్రవం)తో పలచన చేసి, 1.077 సాంద్రత ఉన్న ఫైకాల్ (రక్తకణాలను సాంద్రతను బట్టి విడదీసే ద్రవం) మీద మెల్లగా పొరగా పోసి, గది వేడిమిలో 400 జీ దగ్గర 30 నిమిషాలు తిప్పండి. బ్రేక్ ఆపేయాలి, లేదంటే నడిమి తెల్లటి పొర చెదిరిపోతుంది. బీ, టీ కణాలు ఉండే ఆ పొర తీసి రెండుసార్లు కడగండి.

ఇక అసలు పని. 50 లక్షల నుంచి కోటి కణాలను 20 శాతం సీరం ఉన్న 2.5 మి.లీ. మీడియాలో కలిపి, 2.5 మి.లీ. వైరస్ ద్రవం చేర్చి, టీ-25 ఫ్లాస్కులో 37 డిగ్రీల దగ్గర 2 గంటలు ఉంచండి. తర్వాత మరో 5 మి.లీ. మీడియా పోసి, మొత్తానికి మి.లీ.కు 1 మైక్రోగ్రాము వచ్చేలా సైక్లోస్పోరిన్-ఏ (టీ కణాలను అణచే మందు) కలపండి. పెద్దవాళ్లలో 90 శాతానికి పైగా ఈబీవీ సోకినవాళ్లే. వాళ్ల టీ కణాలకు (వైరస్ సోకిన కణాలను చంపే తెల్ల రక్తకణాలు) ఈ వైరస్ గుర్తుంటుంది. సైక్లోస్పోరిన్ మరిచారా, రెండో వారంలో ముచ్చటగా కనిపించిన గుత్తులు నాలుగో వారానికి మాయమవుతాయి. వైరస్ బాగాలేదని తిట్టుకునే చాలామంది అసలు తప్పు ఇదే.

ఫ్లాస్కును నిలువుగా పెట్టి వారం రోజులు ముట్టుకోవద్దు. తోడు పెట్టిన పాలగిన్నెను గంటకోసారి కదిపితే పెరుగు తోడుకుంటుందా? ఇదీ అంతే. ఈ కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకటి విడుదల చేసిన పెరుగుదల కారకాలతో ఇంకొకటి బతుకుతాయి. వారానికోసారి పైనుంచి సగం మీడియా మార్చండి, మూడు వారాలపాటు సైక్లోస్పోరిన్‌తోనే. మీడియా పసుపుకు తిరిగితే ఒకటిని రెండుగా మాత్రమే విడదీయండి. మి.లీ.కు 2 లక్షల కంటే పలచబడితే పెరుగుదల మొరాయిస్తుంది.

మైకోప్లాస్మా (కల్చర్‌ను పాడుచేసే సూక్ష్మ బ్యాక్టీరియా) పీసీఆర్, దాత డీఎన్‌ఏతో ఎస్‌టీఆర్ పోలిక (ఈ కణాలు ఆ దాతవేనా అని తేల్చే డీఎన్‌ఏ పరీక్ష) చూసుకుని, వయల్‌కు 50 లక్షల చొప్పున 90 శాతం సీరం, 10 శాతం డీఎంఎస్‌ఓ (గడ్డకట్టేటప్పుడు కణాలను కాపాడే ద్రవం)లో మొదట్లోనే గడ్డకట్టించి దాచేయండి. ఎక్కువకాలం పెంచితే ఒకటి రెండు క్లోన్లు (ఒకే కణం సంతతి) మిగతావాటిని మింగేస్తాయి.

ఫలితం చదివేటప్పుడు జాగ్రత్త. ఎల్‌సీఎల్‌లో ఆరు ఈబీఎన్‌ఏలూ, ఎల్‌ఎంపీలూ (ఇవి వైరస్ ప్రొటీన్లు) పనిచేస్తుంటాయి. బర్కిట్ కణితిలో మామూలుగా ఈబీఎన్‌ఏ-1 ఒక్కటే. కాబట్టి ఇది బర్కిట్‌కు నమూనా కాదు, అవయవ మార్పిడి తర్వాత వచ్చే లింఫోమాకు దగ్గర. ఇంకొకటి, బీ95-8 జీనోమ్‌లో దాదాపు 12 వేల బేస్‌ల ముక్క లేదు. బార్ట్ మైక్రోఆర్‌ఎన్‌ఏల్లో (వైరస్ తయారుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏలు) ఎక్కువ భాగం అందులోనే ఉండేవి. వాటి మీద పని అయితే అకాటా స్ట్రెయిన్ (ఈబీవీలో మరో రకం)తో మొదలుపెట్టండి.