బైపాస్ తర్వాత ఇంట్లో: జీవిత భాగస్వామికి సేవ చేస్తున్న విశ్వాసికి కొన్ని సూచనలు

గుండెకు బైపాస్ ఆపరేషన్ జరిగే రోజున ప్రార్థనకు కొదవ ఉండదు. ఐసీయూ బయట బంధువులో, సంఘస్థులో, స్త్రీల సమాజం వారో ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. వాట్సాప్‌లో పెట్టిన ప్రార్థన మనవి ఊళ్లు దాటి గల్ఫ్ దాకా, అమెరికా దాకా వెళ్తుంది. డిశ్చార్జి అయి ఇంటికి వచ్చిన తర్వాతే అసలు పరీక్ష మొదలవుతుంది. ఆపరేషన్ కోసం కోసిన రొమ్ము ఎముకను స్టీలు తీగలతో కట్టి పంపుతారు. అది గట్టిపడడానికి సుమారు 6 నుంచి 12 వారాలు పడుతుంది. వచ్చిపోయేవారు తగ్గి, ఫోన్లు తగ్గి, ఆ వారాలలో మంచం పక్కన మిగిలేది భార్యో భర్తో ఒక్కరే. ఈ సూచనలు ఆ ఒక్కరి కోసం రాసినవి. వీటన్నిటికీ మూలం ఒకటే: ఈ కాలంలో భక్తిని రోగి శరీరం మోయగలిగినంత మేరకు కుదించుకొని, చేస్తున్న సేవలోనే కలుపుకోవాలి.

ప్రార్థన ఎలా చేయాలి

మన ఇళ్లలో కుటుంబ ప్రార్థన అంటే చాప పరిచి, మోకాళ్లూని, ఒక కీర్తన పాడి, ఒక అధ్యాయం చదివి, అందరూ ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించడం. బైపాస్ అయినవారికి ఇందులో చాలా భాగం ప్రస్తుతానికి కుదరదు. కింద కూర్చున్నవారు లేవాలంటే చేతులు నేలకు ఆనించి శరీరాన్ని పైకి నెట్టాలి, ఆ ఒత్తిడి నేరుగా రొమ్ము ఎముక మీద పడుతుంది. స్తుతిస్తూ ఒక చేతిని తల పైకి బలంగా చాచడం కూడా మొదటి వారాలలో మంచిది కాదు. అందువల్ల చేతులున్న గట్టి కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు నేలకు ఆనేలా చూసి, అయిదు నిమిషాల్లో ముగించాలి. మోకరించలేదన్న బాధ రోగికి ఉంటే, హిజ్కియా రాజు మరణకరమైన వ్యాధిలో పడకమీదనే గోడవైపు ముఖం తిప్పుకొని ప్రార్థించాడని, ఆ ప్రార్థన వినబడిందని గుర్తుచేయవచ్చు.

చదవడానికి 120 నుంచి 134 వరకు ఉన్న యాత్రకీర్తనలు ఈ సమయానికి బాగా సరిపోతాయి. పదిహేను కీర్తనలలో ఒక్క 132వది తప్ప అన్నీ చిన్నవే. 131, 133, 134 అయితే మూడేసి వచనాలు మాత్రమే. మత్తుమందు, నొప్పి మాత్రల ప్రభావం వల్ల మొదటి వారాలలో ఏకాగ్రత నిలవదు, చదివింది గుర్తుండదు. పెద్ద అధ్యాయాలు వినిపించి, మధ్యలో నిద్రపోయారని నొచ్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు.

ఊపిరితిత్తులు పూర్తిగా విప్పారడానికి ఆసుపత్రిలో మూడు బంతుల స్పైరోమీటర్ ఇస్తారు. మెలకువగా ఉన్నంతసేపు గంటకోసారి సుమారు పదిసార్లు దానితో గాలి లోపలికి పీల్చమని చెబుతారు. విసుగు పుట్టించే పని ఇది. రెండో రోజుకే దాన్ని కిటికీలో పెట్టేసేవారే ఎక్కువ. దీనికి 136వ కీర్తన ఆసరాగా పనికివస్తుంది. అందులో 26 వచనాలూ “ఆయన కృప నిరంతరముండును” అనే పల్లవితోనే ముగుస్తాయి. రోగి ఒకసారి గాలి పీల్చి, బంతులు పైకి లేచాక కొద్దిసేపు నిలిపి వదులుతారు. తర్వాతి ఊపిరికి ముందు తీసుకోవలసిన విరామంలో మీరు ఒక వచనం మొదటి సగం చదవండి, పల్లవిని వారు గొణిగినా చాలు. పది ఊపిరులకు పది వచనాలు. తల తిరిగినట్టు ఉంటే ఆపి, కాసేపటి తర్వాత కొనసాగించాలి. దగ్గు వచ్చినప్పుడు చిన్న దిండును రెండు చేతులతో ఛాతీకి గట్టిగా అదుముకోమని చెప్పాలి. దగ్గును ఆపుకోవడం కంటే ఇలా దగ్గి కఫం బయటికి పంపడమే మేలు.

మంచం మీద నుంచి లేపేటప్పుడు ప్రేమకొద్దీ చేతులు పట్టి లాగుతారు. ఇది ఎంతమాత్రం పనికిరాదు. దిండును హత్తుకొని పక్కకు ఒత్తిగిలమనాలి, రెండు కాళ్లూ మంచం అంచు నుంచి కిందికి జారవిడవమనాలి, అప్పుడు మీ అరచేతిని వారి భుజం వెనుక ఆనించి మెల్లగా నిటారుగా కూర్చోబెట్టాలి. ఒక నిమిషం అలాగే కూర్చున్న తర్వాతే నిలబడాలి. మన మరుగుదొడ్లలో గొంతుకూర్చోవడం కష్టం కాబట్టి కమోడ్ కుర్చీ ముందే సిద్ధం చేసుకోవాలి. నీళ్ల బిందెలూ గ్యాస్ సిలిండర్ మాట అటుంచి, మనవణ్ని ఎత్తుకోవడం కూడా డాక్టర్ చెప్పేంతవరకు వద్దు.

మందులు, నూనె, ఉపవాసం

“విశ్వాసముంటే ఇన్ని మాత్రలెందుకు?” అని అడిగేవారు ప్రతి సంఘంలో ఒకరిద్దరైనా ఉంటారు. వారితో వాదించే ఓపిక మీకు లేకపోతే తప్పేమీ లేదు, కానీ మీ మనస్సులో మాత్రం ఈ సంగతి తేటగా ఉండాలి. హిజ్కియా స్వస్థత విషయంలో దేవుని వాగ్దానం తెచ్చిన యెషయాయే అంజూరపు పండ్ల ముద్దను పుండుకు కట్టమన్నాడు. లూకాను పౌలు ప్రియుడైన వైద్యుడని పిలిచాడు. అనేకులను స్వస్థపరచిన ఆ పౌలే త్రోఫిమును రోగిగా మిలేతులో విడిచి రావలసి వచ్చింది. తెలుగునాట క్రైస్తవ్యం వైద్యంతో కలిసే పెరిగింది: 1883లో గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి నిర్మించారు. బైపాస్ తర్వాత ఇచ్చే ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ మాత్రలు, గుండె వేగాన్ని అదుపుచేసే మాత్రలు సొంతంగా ఆపితే అతికిన రక్తనాళం మూసుకుపోయే ప్రమాదం పెరుగుతుంది. మార్పేదైనా డాక్టర్ చేతుల మీదుగానే జరగాలి.

సంఘపు పెద్దలను పిలిపించి నూనె రాయించి ప్రార్థన చేయించుకోమని యాకోబు పత్రిక అయిదో అధ్యాయం చెబుతుంది; దాన్ని నిరభ్యంతరంగా చేయించుకోవచ్చు. నూనె నుదుటికి మాత్రమే రాయాలి. ఛాతీ మీది గాయానికీ, బైపాస్ కోసం రక్తనాళం తీసిన కాలి గాయానికీ నూనె గాని, ప్రార్థించి ఇచ్చిన నీళ్లు గాని, పసుపు గాని తగలకూడదు. ఇన్‌ఫెక్షన్ ఎముక దాకా వెళ్తే మళ్లీ ఆపరేషన్ టేబుల్ ఎక్కవలసి వస్తుంది. వచ్చినవారు గాయం మీద చేయి ఉంచి ప్రార్థించబోతే, తలమీద ఉంచమని ముందే మర్యాదగా చెప్పండి. కతోలిక కుటుంబాలలో గురువు చేత అభ్యంగనం ఇప్పించడానికి కొందరు ఇప్పటికీ జంకుతారు, అది చావుకు ముందు ఇచ్చేదన్న పాత భయం వల్ల. అది చివరి ఘడియలకే పరిమితం కాదని రెండవ వాటికన్ మహాసభ (1962–65) స్పష్టం చేసింది.

ఉపవాసం విషయంలో నా అభిప్రాయం సూటిగానే చెబుతాను: రోగి చేయకూడదు, వారికి సేవ చేస్తున్నవారు కూడా చేయకూడదు. గాయం మానడానికి పప్పు, గుడ్డు, పెరుగు, చేప వంటివి చాలినంత లోపలికి వెళ్లాలి. షుగర్ మందులు వాడేవారు భోజనం మానితే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. బైపాస్‌తో పాటు గుండె కవాటం (వాల్వ్) కూడా మార్చి, రక్తం పలచబడే వార్ఫరిన్ వంటి మందు ఇచ్చి ఉంటే ఆహారంలో, ముఖ్యంగా ఆకుకూరలలో, హఠాత్తుగా పెద్ద మార్పులు చేయకూడదు. రాత్రి మూడుసార్లు లేచి మందులిస్తున్న మనిషి శుక్రవారం నీళ్లు కూడా ముట్టకుండా ఉండి కళ్లు తిరిగి పడితే ఆ ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. ఉపవాసం సంఘం చేయవచ్చు. ఆరోగ్యంగా ఉన్నవారు చాలామందే ఉన్నారు.

దిగులు కమ్మినప్పుడు

గుండె ఆపరేషన్ తర్వాత చాలామందికి ఏడుపు, విసుగు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం వస్తాయి. ఎన్నడూ గొంతు పెంచని మనిషి చారులో ఉప్పు తక్కువైందని పళ్లెం తోసేస్తారు. రోజూ వేకువనే బైబిలు తెరిచే మనిషి “నన్ను కాసేపు వదిలేయండి” అంటారు. దీనిని విశ్వాసంలో జారుడుగా చూడడం, “దేవుడు ఇంత చేస్తే కృతజ్ఞత లేదా?” అని మందలించడం పుండుమీద కారం చల్లడమే. ఏలీయా బదరీవృక్షము కింద కూర్చొని చావు కోరుకున్నప్పుడు అతనికి ముందు అందింది ప్రసంగం కాదు. దూత అతణ్ని తట్టి లేపి, కాల్చిన అప్పమూ నీళ్లబుడ్డీ చూపించాడు. తిని మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి మళ్లీ తినమన్నాడు. మాటలన్నీ ఆ తర్వాత, హోరేబు కొండ దగ్గర. అదే వరుస మీరూ పాటించవచ్చు: వేడి అన్నం, నిద్ర, సాయంత్రం వాకిట్లో నాలుగడుగుల నడక, ఆ తర్వాత వారికి మాట్లాడాలనిపిస్తే మాట. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోయినా, చచ్చిపోతే బాగుండుననే మాట ఒక్కసారి నోట వచ్చినా వెంటనే డాక్టర్‌కు చెప్పాలి. దానికీ చికిత్స ఉంది.

“ఏ పాపం అడ్డుగా ఉందో పరిశీలించుకోండి” అని చెప్పడానికి వచ్చే ఓదార్పుకర్తల నుంచి రోగిని కాపాడడం కూడా సేవలో భాగమే. పుట్టుగుడ్డివాని విషయంలో శిష్యులు ఈ ప్రశ్నే అడిగితే, వాడూ వాని కన్నవారూ కారణం కాదని ప్రభువే చెప్పాడు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు నోరు మెదపకుండా కూర్చున్నంతవరకు మంచివారే. నోరు తెరిచాకే చిక్కు వచ్చింది. అందుచేత చూడడానికి వచ్చేవారికి సాయంత్రం ఒక గంట కేటాయించి, ఒక్కసారికి ఇద్దరికి మించకుండా, పదిహేను నిమిషాలకు మించకుండా చూసుకోవాలి. జలుబు, దగ్గు ఉన్నవారిని ఫోన్‌లోనే ప్రార్థించమనాలి. దీనివల్ల నొచ్చుకునేవారు ఉంటారు; నొచ్చుకోనివ్వండి.

మీ సంగతి

సేవ చేసేవారు తమ విశ్వాసం ఎండిపోయిందని తరచూ బెంగపడతారు. ప్రార్థనకు కూర్చుంటే కునుకు వస్తుంది, లేదంటే ఆసుపత్రి బిల్లు గుర్తొస్తుంది. “ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు” అని 121వ కీర్తనలో చదివినవారు ఆ కావలి పనిని ఆయనకే వదిలి నిద్రపోవచ్చు. వారంలో కనీసం రెండు రాత్రులు కొడుకో, కూతురో, ఆడపడుచో రోగి గదిలో పడుకొని, మీరు వేరే గదిలో తెల్లవారేదాకా నిద్రపోయే ఏర్పాటు చేసుకోండి. కోపం, భయం, విసుగు ఉంటే వాటిని దేవుని ఎదుట ఉన్నదున్నట్టు చెప్పండి. 88వ కీర్తన మొదటి నుంచి చివరి దాకా చీకటిలోనే సాగుతుంది, చివర్లో కూడా స్తుతిలోకి తిరగదు, అయినా అది బైబిలులోనే ఉంది.

భార్యకు ఆపరేషన్ జరిగి భర్త సేవ చేస్తున్న ఇళ్లలో ఇంకొక ఇబ్బంది కనిపిస్తుంది. స్నానం, బట్టలు మార్చడం, జడ వేయడం వంటివి ఆడవారి పనులని అత్తగారికో కూతురికో అప్పగించి భర్త బిల్లులూ మందులూ చూసుకుంటానంటారు. ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో భార్యలు భర్తలకు లోబడాలనే 22వ వచనాన్ని కంఠస్థం చేసిన మన పురుషులకు 29వ వచనం అంతగా గుర్తుండదు. అక్కడ ఉన్నది తన శరీరాన్ని పోషించి సంరక్షించుకున్నట్టు భార్యను చూసుకొమ్మనే మాట. చేతులు పైకెత్తలేని మనిషికి ముందు గుండీలున్న జాకెట్లు, నైటీలు వీలుగా ఉంటాయి. ఛాతీ బరువు కుట్లను కిందికి లాగకుండా ముందువైపు హుక్కులున్న మెత్తని బ్రా వేసుకోమని చాలాచోట్ల సలహా ఇస్తారు. ఇవి కొనుక్కొచ్చి తొడిగే పనిలో సిగ్గుపడవలసిందేమీ లేదు.

సంఘం సహాయం చేస్తామన్నప్పుడు “ప్రార్థన చేయండి చాలు” అని పంపేయకుండా, పని చెప్పండి: మంగళవారం మధ్యాహ్నం భోజనం, మందుల షాపుకు ఒకసారి వెళ్లిరావడం, చెకప్ రోజున కారు. మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు చెరొక పక్క నిలబడి పట్టుకున్నది నిజమైన చేతులనే. ఐసీయూ బయట నిలబడి మొక్కుకున్న మొక్కుబడుల విషయం ఇద్దరూ కూర్చొని మాట్లాడుకోవాలి. అప్పు చేసి వెంటనే పెద్ద స్తుతికూడిక పెట్టడం కంటే, అప్పులు తీరే వరకు ఆగి తోచినంతలో చేయడం మంచిది. ఆపరేషన్ గురించి సాక్ష్యం చెప్పాలా వద్దా, ఎంత చెప్పాలి అన్నది రోగి నిర్ణయమే.

ప్రార్థనతో ఆలస్యం చేయకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. ఛాతీలో కొత్త నొప్పి, పెరుగుతున్న ఆయాసం, స్పృహ తప్పడం, ముఖమో చేయో ఒక పక్క వాలిపోవడం కనిపిస్తే ముందు 108కి, తర్వాతే పాస్టరుగారికి ఫోన్ చేయాలి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన జ్వరం, గాయం నుంచి చీము, కదిలినప్పుడు రొమ్ము ఎముకలో టక్కుమనే చప్పుడు, ఒక్కరోజులో కిలోకు పైగా బరువు పెరగడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి చెప్పాలి. రోజూ ఉదయం కాఫీకి ముందు బరువు చూసి పుస్తకంలో రాసి ఉంచితే ఈ చివరిది తప్పిపోదు.

గుడికి మళ్లీ ఎప్పుడు వెళ్లవచ్చో చెకప్‌లో డాక్టర్‌ను అడగండి. మొదటి ఆదివారం స్కూటర్ మీద కాకుండా, వెనుక సీటు మీద కూడా కాకుండా, కారులో వెళ్లాలి. ఛాతీకీ సీటుబెల్టుకూ మధ్య చిన్న దిండు పెట్టుకోవాలి. లౌడ్‌స్పీకర్‌కు దూరంగా, ద్వారానికి దగ్గరగా, వీపు ఆనించే కుర్చీ ఉంచమని సెక్రటరీగారికి ముందురోజే చెప్పాలి. వేదికమీదికి పిలవవద్దని పాస్టరుగారికి మనవి చేయాలి. ఆశీర్వాదం పూర్తయ్యాక అందరూ వచ్చి కౌగిలించుకోబోతారు కనుక, చివరి కీర్తన పాడుతుండగానే బయలుదేరితే మంచిది. మధ్యాహ్నం మాత్రలు వేళకు వేసుకోవడానికీ అదే అనుకూలం.