‘పర్లేదు బావా’ అంటే ఆగిపోండి: జోడీగా మొదటి మారథాన్‌కి సిద్ధమయ్యేవాళ్ళకి జాగ్రత్తలు

కిందటి ఆదివారం మా గుంపులో ఒక కుర్రాడు కాలవ గట్టు మీద పడిపోయాడు. వాడూ వాడి బావా కలిసి ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌కి సిద్ధమవుతున్నారు. ఇద్దరికీ 42 కిలోమీటర్లు ఇదే మొదటిసారి. ఆ రోజు 20 అనుకున్నారు. పదిహేనో కిలోమీటరులోపే బావ నాలుగుసార్లు అడిగాడట, ‘ఏరా, ఎలా ఉంది?’ అని. నాలుగుసార్లూ ‘పర్లేదు బావా’ అనే జవాబు. ఐదోసారి ఏ జవాబూ రాలేదు. వెనక్కి తిరిగి చూస్తే మనిషి గట్టు దిగి కొబ్బరితోటలోకి తూలుతూ పోతున్నాడు. ఎక్కడికిరా అంటే ‘ఇంటికి’ అన్నాడు. ఇల్లు అటు కాదు. నాలుగడుగులు వేసి కూలిపోయాడు.

ఇవి కాలవలు కట్టేసిన రోజులు. గట్టు పక్కన గుక్కెడు నీళ్ళు లేవు. అదృష్టం కొద్దీ ఆ తోటలో బోరు ఆడుతోంది. బావ వాడిని ఈడ్చుకెళ్ళి దాని ధార కింద పెట్టి, 108 వచ్చేదాకా తడుపుతూనే ఉన్నాడు. బతికాడు. ఆసుపత్రిలో రెండు రోజులున్నాడు.

బూట్లు, నిద్ర, వార్మప్ సంగతి మీకు తెలుసు. వాటి జోలికి పోను.

వేగం

వాడిని పడేసింది ఉక్క ఒక్కటే కాదు, తనది కాని వేగం. బావ కిలోమీటరు ఆరున్నర నిమిషాల్లో హాయిగా వెళ్తాడు. వీడిది ఏడున్నర. ఆ నిమిషం తేడా ఐదు కిలోమీటర్లలో తెలియదు, పదిలో కాస్త తెలుస్తుంది, పదిహేనులో ప్రాణం మీదికొస్తుంది. ‘కొంచెం నెమ్మదిగా పోదాం’ అని ఎందుకు అనలేదయ్యా అంటే, మన గోదావరి వాళ్ళ దగ్గర ఆ మాట అంటే ఏమవుతుందో తెలియనిదెవరికి? సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర ‘ఏమండోయ్ మారథాను గారూ’ అని మొదలుపెడతారు. అందులోనూ బావమరిది దొరికితే వదిలే బావ ఎక్కడుంటాడు! ఈ వెటకారానికి జడిసి నోరు మూసుకున్నవాళ్ళని ముగ్గురిని చూశాను. ఒకడికి కాలి ఎముకలో సన్నని పగులు వచ్చింది. ఒకడు మోకాలు పాడై పరుగే మానేశాడు. మూడోవాడు వీడు.

అందుకని జోడీలో నెమ్మదైనవాడిదే వేగం. వాడే అరడుగు ముందు ఉండాలి, రెండోవాడు పక్కన. చాలట్లేదనిపిస్తే రెండోవాడు వారం మధ్యలో ఒకరోజు ఒంటరిగా తన వేగం తీర్చుకోవచ్చు. ఎలాగూ ఆదివారపు లాంగ్ రన్ రేసు వేగం కన్నా కిలోమీటరుకి అరనిమిషం నుంచి నిమిషం దాకా నెమ్మదిగా ఉండాలి. గంటల తరబడి కదలడం కాళ్ళకి అలవాటు చేయడానికే అది. ఒంట్లో నిల్వ ఉన్న చక్కెర సుమారు 30వ కిలోమీటరు దగ్గర అడుగంటుతుంది, మొదట్లో ఎగిరినవాడికి ఇంకా ముందే.

‘ఎలా ఉంది’ అని అడగొద్దు. దానికి ‘పర్లేదు’ తప్ప ఇంకో జవాబు రాదు. ‘రాత్రి ఏం కూర?’ అని అడగండి. ‘ములక్కాడ వేసి పప్పుచారు పెట్టింది మా అమ్మ, రెండుసార్లు వేసుకున్నా’ అని ఒక్క ఊపిరిలో చెబితే వేగం సరిపోయింది. ‘పప్పు... చారు...’ అని ముక్కలు చేస్తే తగ్గించండి. పొంతన లేకుండా చెప్పినా, ‘ఏంటి?’ అని ఎదురడిగినా ఆగిపోండి. ప్రతి రెండు కిలోమీటర్లకీ అడగండి.

ఉక్క

తెల్లవారుజామున అయిదింటికి ఎండ లేదుగా అనుకుంటారు. మన దగ్గర ఎండ లేకపోయినా ఉక్క ఉంటుంది. చెరువులూ సముద్రపు గాలీ కలిసి తేమ పట్టేస్తే చెమట కారుతుంది కానీ ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఈ వేడికి ఒళ్ళు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది, అన్నాళ్ళూ దూరం సగానికి తగ్గించండి. రోహిణి కార్తెలో ఆరింటికల్లా ఇంట్లో ఉండాలి.

మాట తడబడితే, నడక తూలితే, ఊరికే చిరాకు పడితే వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆగకుండా చల్లబరచండి. చొక్కా విప్పి ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో మాత్రం నీళ్ళు పోయొద్దు.

భయపడి లీటర్ల కొద్దీ మంచినీళ్ళు తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పడిపోతుంది. దాహానికి తగ్గట్టు తాగండి, ఓఆర్‌ఎస్ కలపాలంటే ప్యాకెట్ మీద రాసిన కొలతలోనే కలపండి. కోనసీమలో ఉంటూ ఈ మాట అనకూడదు గానీ, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఉన్నంత సోడియం ఉండదు. పోయిన ఉప్పుకి అవి చాలవు.

దారి, మిగతావి

దాళ్వా (రెండో పంట) ధాన్యం రోడ్డు మీద ఆరబోసి ఉంది. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్ళు చీకట్లో కనబడవు, టార్చి కావాలి. టార్చి కాళ్ళ ముందుకి వేయండి, గట్ల మీద రక్తపింజరి ఉంటుంది.

216 హైవే మీద పరిగెత్తొద్దు. ఏ రోడ్డు మీదైనా ఎదురొచ్చే బళ్ళు కనబడేలా కుడివైపు వెళ్ళండి. బండి వస్తుంటే ఒకరి వెనక ఒకరు. కబుర్లు తర్వాత.

ఇయర్‌ఫోన్లు వద్దు. ఇద్దరిలో ఒక్కరికి కూడా వద్దు.

కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి. కరిస్తే సబ్బుతో, ధార కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే టీకా.

పరుగుకి ముందు నొప్పి మాత్ర వేసుకోవద్దు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు అది కిడ్నీల మీద పడుతుంది.

మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అప్పుడే ఆసుపత్రికి.

ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట నొప్పి పుడితే పరుగు బంద్. జోడీ ఏమనుకుంటాడోనని ‘పర్లేదు’ అనకండి.

జ్వరం ఉంటే బంద్.

వారానికి పదో వంతు కన్నా దూరం పెంచొద్దు. మానేసిన రోజు కిలోమీటర్లు మర్నాడు కలపొద్దు, జోడీ కలిపాడని మీరూ కలపొద్దు.

మొదటి మారథాన్‌కి 32 కిలోమీటర్లు దాటి ప్రాక్టీసు అక్కర్లేదు. అది కూడా రేసుకి మూడు వారాల ముందే. ఆ తర్వాత తగ్గించుకుంటూ రావడమే.

ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర గోదావరికి మొదటి ప్రమాద హెచ్చరిక, అంటే నీటిమట్టం 11.75 అడుగులు, ఇచ్చారంటే ఏటిగట్టు, కాజ్‌వేలు మర్చిపోండి. చీలమండ దాకానే ఉందని దిగొద్దు.

రేసు రోజు విడిపోవాలనుకుంటే ఏ కిలోమీటరు దగ్గరో ముందురోజే అనుకోండి. పరిగెడుతూ తేల్చుకోవద్దు.

ప్రాక్టీసులో మాత్రం ‘నువ్వెళ్ళు, వెనకాల వస్తా’ అన్నవాడిని వదిలి వెళ్ళొద్దు. ఆగండి. నడవండి. ఆటో ఎక్కి అయినా సరే, ఇద్దరూ కలిసే ఇంటికి రండి.