కర్నూలు చూడాలంటే ముందు నెల చూసుకోండి

ఫోన్‌లో వచ్చిన "చూడదగ్గ పది ప్రదేశాలు" జాబితా పట్టుకుని కర్నూలుకు వస్తే అందులో సగం చూడకుండానే తిరిగి వెళ్లాలి. సెప్టెంబరులో సంగమేశ్వరం వెళ్తే గుడి నీళ్ల కింద ఉంటుంది. ఏప్రిల్‌లో శ్రీశైలం వెళ్తే డ్యాం గేట్లు మూసి ఉంటాయి, కింద రాళ్లు కనిపిస్తాయి. ఈ సీమలో చాలా చోట్లకు నీళ్లే తాళంచెవి. అందుకే ఎక్కడెక్కడ తిరగాలో తర్వాత రాసుకోండి, ఏ నెలలో వస్తున్నారో ముందు తేల్చుకోండి.

ఇంకొకటి కూడా ముందే తెలుసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక బెలుం, యాగంటి, మహానంది, అహోబిలం, శ్రీశైలం అన్నీ నంద్యాల జిల్లాలోకి వెళ్లాయి. జనం నోట ఇంకా "కర్నూలు బెలుం గుహలు" అనే వినిపిస్తుంది. అలా విని ఊరి పక్కనే ఉన్నాయనుకోకండి, బెలుం వంద కిలోమీటర్ల పైమాటే. రెండు రోజులు చేతిలో ఉంటే కర్నూలులో ఒక రాత్రి, నంద్యాలలో ఒక రాత్రి ఉండండి. రెండు రాత్రులూ కర్నూలులోనే ఉంటే రోజూ నాలుగు గంటలు రోడ్డు మీదే పోతాయి.

పాత రాజధానిలో ఒక పూట

1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు ఆఖరు దాకా ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలే రాజధాని. 1937లో కోస్తా, సీమ నాయకులు చేసుకున్న శ్రీబాగ్ ఒడంబడిక మాట మీద రాజధాని సీమకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. టంగుటూరి ప్రకాశం పంతులు మొదటి ముఖ్యమంత్రి. ఆ రోజుల గుర్తుగా పెద్ద పెద్ద భవనాలు కనిపిస్తాయని ఆశపడకండి. చాలా సర్కారు కచేరీలు గుడారాల్లోనే నడిచాయి. మిగిలినవి పేర్లు: ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు. ఈ పేర్లు చెప్తే ఆటోవాళ్లు నేరుగా తీసుకెళ్తారు. సీ క్యాంపు రైతుబజారులో పండ్లు, కూరగాయలు కొనుక్కోవచ్చు. అంతకు మించి అక్కడ చూడటానికేం లేదు.

ఊళ్లో తప్పకుండా చూడాల్సినవి రెండు. నడిబొడ్డున ఉన్న కొండారెడ్డి బురుజు కర్నూలు కోటలో మిగిలిన ముక్క. ఉదయాన్నే వెళ్లండి. పది దాటితే చుట్టూ ట్రాఫిక్ ఎంత పెరుగుతుందంటే ఫొటోకు నిలబడే చోటు కూడా దొరకదు. లోపలి మెట్లు ఇరుకు, ఎత్తు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను కిందే కూర్చోబెట్టండి. తుంగభద్ర కింది నుంచి సొరంగం ఉందన్న కథ ప్రతి ఆటోడ్రైవరూ చెప్తాడు. వినడానికి బాగుంటుంది, చూడటానికి మాత్రం దారి లేదు.

రెండోది హంద్రీ ఒడ్డున ఉన్న అబ్దుల్ వహాబ్ సమాధి, ఊరివాళ్లు గోల్ గుమ్మజ్ అంటారు. 17వ శతాబ్దం తొలినాళ్లది, రెండు గుమ్మటాలుంటాయి. ఎండ ఏటవాలుగా పడే సాయంత్రం వేళ బాగుంటుంది. బురుజుకు వచ్చేవాళ్లలో పదోవంతు కూడా ఇక్కడికి రారు. నిజానికి రెండింట్లో పనితనం ఎక్కువున్నది ఇదే.

టిఫిన్‌కు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగులు తడిపి, నీళ్లు పిండేసి, పోపు పెట్టి, పుట్నాల పొడి కలిపి చేస్తారు. ఏడు నుంచి తొమ్మిది లోపు తినాలి. ఆ తర్వాత మిగిలింది ఆరిపోయి గొంతులో పడుతుంది.

మధ్యాహ్నం లోపు ఇంకా సమయం ఉంటే అలంపూర్ వెళ్లి రండి. పాతిక కిలోమీటర్లుంటుంది. తుంగభద్ర దాటితే తెలంగాణ. హైదరాబాదు బస్సు ఎక్కితే అలంపూర్ చౌరస్తాలో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటో పట్టుకోవాలి. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలవి, ఏడు, ఎనిమిది శతాబ్దాల నాటివి. పేర్లన్నీ బ్రహ్మవే, లోపల ఉండేది మాత్రం శివలింగం. తొమ్మిదీ తిరిగే ఓపిక లేకపోతే స్వర్గబ్రహ్మ, విశ్వబ్రహ్మ ఆలయాల దగ్గర ఎక్కువసేపు ఉండండి. చెక్కడపు పనంతా అక్కడుంది. జోగులాంబ దర్శనం కావాలంటే ముందు అమ్మవారి గుడికి వెళ్లి, తర్వాత బ్రహ్మల గుళ్లు చూడండి. వరస తిప్పితే మధ్యాహ్నం గుడి మూసే వేళకు చేరతారు.

ఎండాకాలం: సంగమేశ్వరం

ఎండాకాలం కర్నూలుకు రావద్దనేది మామూలు సలహా. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చేవాళ్లకు మాత్రమే దక్కేది సంగమేశ్వరం. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు మునిగే ఈ గుడి నీళ్లు తగ్గాక బయటపడుతుంది. ఇక్కడి లింగం వేపమొద్దు, ధర్మరాజు ప్రతిష్ఠించాడని చెప్తారు. ఇన్నేళ్లుగా నీళ్లలో నానుతూ, బయటపడుతూ, ఇంకా పూజలందుకుంటోంది.

బయల్దేరే ముందు చూడాల్సింది పంచాంగం కాదు, జలాశయం నీటిమట్టం. దినపత్రికల జిల్లా పేజీల్లో వస్తుంది. పూర్తి మట్టం 885 అడుగులు. అది 840 దరిదాపులకు దిగితే గుడి బయటపడినట్టు. అంతకు ముందు వెళ్తే శిఖరం మాత్రం నీళ్లలోంచి కనిపిస్తుంది. వానలు బాగా పడిన ఏడాది నీళ్లు ఆలస్యంగా దిగుతాయి. అప్పుడు శివరాత్రికి కూడా గుడి బయటికి రాదు, పూజలు గట్టు మీద జరుగుతాయి. "పోయినసారి ఫిబ్రవరిలో చూశాం, ఈసారీ ఫిబ్రవరిలోనే" అనుకుని వచ్చేవాళ్లు మోసపోయేది ఇక్కడే.

గుడి బయటపడిందని వార్త రాగానే పరుగెత్తకండి. నీళ్లు తీసిన నేల పైన ఎండి, పగుళ్లు తేలి గట్టిగా కనిపిస్తుంది. కింద ఒండ్రు ఇంకా మెత్తగానే ఉంటుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. రెండు వారాలు ఆగండి. జనం నడిచిన దారి పడుతుంది, ఆ దారిలోనే నడవండి. కారును కూడా గట్టి నేల మీదే ఆపండి. ఒండ్రులో కూరుకుపోయిన బండిని లాగాలంటే ట్రాక్టరు పిలవాల్సిందే.

దారి: కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు, కపిలేశ్వరం. ఎనిమిదికల్లా గుడి దగ్గరుండి, పదిన్నరకు తిరుగుముఖం పట్టాలి. చుట్టూ చెట్టు నీడ ఉండదు, ఎందుకంటే అదంతా జలాశయం అడుగు. మనిషికి మూడు లీటర్ల నీళ్లు, గొడుగు, పెద్దవాళ్లకు మజ్జిగ, పిల్లలకు టోపీలు పెట్టుకోండి. గుడి రాళ్లు పదికే కాలిపోతుంటాయి. చెప్పులు విడిచిన చోటు నుంచి గర్భగుడి దాకా పాత సాక్సులు వేసుకుంటే అరికాళ్లు బొబ్బలెక్కవు. పడవలో వెళ్దామనుకుంటే లైఫ్ జాకెట్ లేని పుట్టి ఎక్కకండి, ఎంత తక్కువ అడిగినా సరే. జులైలో పై నుంచి వరద మొదలైతే కొద్ది రోజుల్లోనే గుడి మళ్లీ మునుగుతుంది.

మే నెలలో వస్తే తిరుగు ప్రయాణంలో బనగానపల్లె మామిడి కొనండి. పచ్చదనం ఎక్కడా లేకుండా పసుపు రంగు వేసినట్టు ఒకేలా ఉండి, ముక్కు దగ్గర పెట్టినా వాసన రాకపోతే మందు పెట్టి మగ్గేసిన పండని తెలుసుకోండి. గట్టి కాయలు కొని ఇంట్లో గడ్డిలో మగ్గేసుకోవడం మేలు.

తొలకరి

జూన్‌లో మొదటి వాన పడగానే తుగ్గలి, జొన్నగిరి, పగిడిరాయి, మద్దికెర చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు కడిగినట్టు తేలతాయి. వాన వెలిసిన మర్నాడు పొద్దున, ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడు వంగి వెతుకుతారు. నడినెత్తిన ఎండలో ప్రతి పలుగురాయి ముక్కా మెరుస్తుంది, అప్పుడు వెతకడం దండగ. చేను ఎవరిదో కనుక్కుని రైతును అడగకుండా దిగకండి. విత్తనం పడ్డాక అసలే దిగొద్దు, మీ కాలి కింద పోయేది ఆ ఇంటి ఏడాది పంట. బూట్లు వేసుకోండి, రాళ్లు ఎత్తేటప్పుడు పాములు, తేళ్లు చూసుకోండి. వజ్రం దొరుకుతుందని మాత్రం రావద్దు. అక్కడి సందడి చూడటానికి రండి. ఆ దారిలోనే గుత్తి, పత్తికొండ రోడ్డు మీద ఎర్రగుడి అశోకుని శాసనాలున్నాయి. ఒక శాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కారు. వజ్రం దొరకని రోజు ఇవి చూసి వెళ్లండి.

శ్రీశైలం గేట్లు

గేట్లెత్తేది వరదను బట్టి. ఎక్కువగా జులై ఆఖరు నుంచి సెప్టెంబరు మధ్యలో. టీవీలో చూసి ఆదివారం బయల్దేరితే ఘాట్ రోడ్డులో గంటల తరబడి ఇరుక్కుంటారు. వారం మధ్యలో వెళ్లండి. కర్నూలు నుంచి ఆత్మకూరు, దోర్నాల మీదుగా సుమారు 180 కిలోమీటర్లు, నాలుగున్నర గంటలు వేసుకోండి. పులుల అభయారణ్యం కావడంతో రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా అడవి దారిలో బళ్లు వదలరు. ఇది తెలియక సాయంత్రం ఆరున్నరకు శ్రీశైలంలో టీ తాగుతూ కూర్చుంటే, తిరుగుదారిలో చెక్‌పోస్టు దగ్గరే తెల్లారుతుంది.

వానాకాలంలో తుంగభద్ర నిండుగా ఉంటుంది. వంతెన మీద నుంచి చూడండి, ఘాట్లలో దిగొద్దు. 2009 అక్టోబరు 2న ఇదే నది, హంద్రీ కలిసి ఊరినే ముంచాయి.

చలికాలం: రోళ్లపాడు, అహోబిలం

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రోళ్లపాడు గడ్డిభూములకు వెళ్లాలి. నందికొట్కూరు మీదుగా దారి. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్ట కోసమే వచ్చేవాళ్లకు మిగిలేది నిరాశే, చుట్టూ సాగునీరు వచ్చి గడ్డి పోయి పంటలొచ్చాక దాని జాడ కరువైంది. కృష్ణజింకలు మాత్రం కనిపిస్తాయి. సాయంత్రం నాలుగు తర్వాత గడ్డిలో రాత్రి మకానికి దిగే వలస గద్దలు చలికాలం అంతా ఉంటాయి. వాటి కోసం దుర్భిణి తెచ్చుకోండి. అటవీశాఖ అనుమతి ముందే అడగండి. ఎర్ర, తెలుపు బట్టలు వద్దు.

అహోబిలం రెండు భాగాలు. దిగువ అహోబిలం దాకా బస్సులో వెళ్లొచ్చు, ఎగువ అక్కడికి ఎనిమిది కిలోమీటర్లు. ఎగువ నుంచి జ్వాలా నరసింహుడి గుడి దాకా వెళ్లే దారి వాగు వెంట, బండరాళ్ల మీద సాగుతుంది. కొండ మీది ఉగ్రస్తంభం అంతకంటే కష్టం, అలవాటు లేనివాళ్లు ఎక్కవద్దు. ఎగువ నుంచి ఏడు లోపు నడక మొదలుపెట్టండి, చేతికర్ర కొనుక్కోండి, తినే సంచులు కోతులకు కనిపించనివ్వకండి. పెద్ద వాన పడిన మర్నాడు వాగు పొంగితే దారి ఆపేస్తారు.

ఏ నెలైనా: యాగంటి, బెలుం, ఓర్వకల్లు

ఒక్క రోజులో మూడూ అవుతాయి, వరస కుదిరితే. ఉదయం ఆరుకు కర్నూలులో బయల్దేరి బనగానపల్లె మీదుగా ముందు యాగంటి. గుడి మధ్యాహ్నం మూసేలోపు దర్శనం, కోనేరు, నంది, గుహలు అయిపోవాలి. గుహల మెట్లు నిటారుగా ఉంటాయి. నంది ఏటేటా పెరుగుతోందని, కాకులు ఇక్కడికి రావని చెప్పే కథలు అర్చకుల నోటే వినండి.

మిట్టమధ్యాహ్నం బెలుంలో ఉండేలా చూసుకోండి. ఎండ నెత్తిన ఉన్నప్పుడు భూమి కిందికి దిగడం ఒక్కటే తెలివైన పని. గుహల పొడవు 3,229 మీటర్లు, అందులో ఒకటిన్నర కిలోమీటరు దాకా జనాన్ని పంపిస్తారు. చల్లగా ఉంటుందనుకుని వచ్చేవాళ్లు ఎక్కువ. నిజానికి లోపల ఉక్కపోత, పది నిమిషాల్లో చొక్కా తడుస్తుంది. నూలు బట్టలు వేసుకోండి, దిగే ముందే కడుపునిండా నీళ్లు తాగండి. రబ్బరు చెప్పులు జారతాయి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు పాతాళగంగ దాకా వెళ్లకండి. అది గుహల్లో అన్నిటికంటే లోతైన చోటు, దారి ఇరుకు, తిరిగి ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. సప్తస్వరాల గుహలో రాళ్లను రాయితోనో కర్రతోనో కొట్టకండి. లోపల ఫోన్ పనిచేయదు, తప్పిపోతే ఎక్కడ కలవాలో పైనే అనుకోండి. గంటన్నర చాలు.

రెండున్నరకు బయల్దేరితే ఐదు లోపు ఓర్వకల్లు రాతివనం చేరతారు, నంద్యాల రోడ్డు మీదే ఉంటుంది. మధ్యాహ్నం ఇక్కడి బండలు పెనంలా కాలుతుంటాయి, సాయంత్రం అవే రంగు మారతాయి. సెల్ఫీ కోసం ఒక బండ మీది నుంచి ఇంకో బండ మీదికి దూకకండి, నడుమ నీళ్ల గుంటలు లోతు. మూసేవేళ ఎప్పుడో లోపలికి వెళ్లేటప్పుడే అడగండి. ఇక్కడి నుంచి కర్నూలుకు అరగంట పైన పడుతుంది, రాత్రి భోజనానికి రాగిసంగటి, నాటుకోడి పులుసు దొరికే వేళకు ఊళ్లో ఉంటారు.