ఖాతాలో డబ్బుంది, చేతికి రావడం లేదు: ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా?

మా వీధిలో ఎవరికి బ్యాంకు పని అడ్డం తిరిగినా పాస్‌బుక్కు పట్టుకుని మా ఇంటికి వస్తారు. నేను బ్యాంకు ఉద్యోగిని కాను. మా అమ్మకు రావాల్సిన పీఎం కిసాన్ విడతలు రెండు కనిపించకుండా పోయినప్పుడు కౌంటరు నుంచి కౌంటరుకు తిరిగి నేర్చుకున్న చదువే నాది. అన్నిచోట్లా ఒకటే జవాబు: "సర్వర్ డౌనండీ, రేపు రండి." ఆ మాట వెనక యంత్రం తప్పు ఉండొచ్చు, వేలిముద్ర తప్పు ఉండొచ్చు, ఖాతా నిద్రపోయి ఉండొచ్చు, ఎక్కడో పరాయి రాష్ట్రంలోని పోలీస్ స్టేషన్ నుంచి ఆపమని ఉత్తరం వచ్చి ఉండొచ్చు. ఒక్కో జబ్బుకు ఒక్కో మందు. అందుకే ఎవరొచ్చినా ముందు స్లిప్పు, ఫోనులోని మెసేజ్ చూపించమంటాను. అవి లేకపోతే మళ్ళీ వెళ్ళి మినీ స్టేట్‌మెంట్ తెచ్చుకోమంటాను. తిట్టుకుంటూనే వెళ్తారు, కానీ సగం జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది.

ఏటీఎం నోట్లు ఇవ్వలేదు, ఖాతాలో మాత్రం కట్ అయింది

యంత్రం లెక్కపెట్టిన నోట్లు బయటికి రాలేదు, లేదా మధ్యలో నెట్‌వర్క్ తెగింది. రెండు చోట్లా మీ బ్యాంకు పుస్తకంలో డెబిట్ పడిపోతుంది. వెంటనే అక్కణ్ణుంచి కదలకండి, కొన్నిసార్లు నోట్లు ఆలస్యంగా వస్తాయి. రెండు నిమిషాలు చూసి, ఏటీఎం నంబరు, టైము రాసుకోండి. స్లిప్పు వస్తే ఫోటో తీయండి, ఆ ఇంకు వారానికే మాసిపోతుంది.

ఫిర్యాదు చేయాల్సింది మీకు కార్డు ఇచ్చిన బ్యాంకుకు. ఏటీఎం ఎవరిదైనా సరే. ఇక్కడే చాలామంది వారం పోగొట్టుకుంటారు, ఆ బ్యాంకు వాళ్ళు ఈ బ్యాంకుకు, ఈ బ్యాంకు వాళ్ళు ఆ బ్యాంకుకు పంపుతూ ఉంటే.

2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, లావాదేవీ జరిగిన రోజు కాక మరో 5 రోజుల్లో ఆ సొమ్ము వెనక్కి పడాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. అది కూడా మీరు అడక్కుండానే. ఈ లెక్కలో ఆదివారాలు, పండగలు కూడా రోజులే. ఒకటో తారీఖున కట్ అయిన సొమ్ము పదహారున పడిందంటే గడువు ఆరుతో అయిపోయింది కాబట్టి, పది రోజులకు 1,000 రూపాయలు మీకు రావాలి. నేను చూసినంతలో అసలు పడ్డాక ఎవరూ ఈ పరిహారం అడగరు, దొరికిందే చాలనుకుంటారు. అడగండి.

యూపీఐలో ఒకరికి పంపితే మీ దగ్గర కట్ అయి వాళ్ళకు చేరకపోయినా ఇదే పద్ధతి, గడువు మాత్రం ఒక్క రోజే. అంగట్లో స్కాన్ చేసి కట్టిన సొమ్ముకు, వేలిముద్రతో ఆధార్ మీద తీసిన సొమ్ముకు 5 రోజులు.

ఫిర్యాదు చేసినప్పుడు నంబరు తీసుకోండి. నోటి మాటతో పెట్టిన ఫిర్యాదు ఫిర్యాదు కాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి, వెళ్ళొచ్చు. ఫిర్యాదులకు రిజర్వు బ్యాంకు నడిపే సీఎంఎస్ వెబ్‌సైటులో పెట్టొచ్చు, మామూలు ఉత్తరంలోనూ రాయొచ్చు, వివరాలు కావాలంటే 14448కి ఫోను చేయొచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. కింద చెప్పే సమస్యలన్నిటికీ చివరి మెట్టు ఇదే, మళ్ళీ మళ్ళీ రాయను.

ఏటీఎం ఉంది, ఎంత నొక్కినా ఒప్పుకోవడం లేదు

"నో క్యాష్" అని వస్తే చేసేదేం లేదు. కానీ కొన్నిసార్లు పెట్టెలో 500 నోట్లు మాత్రమే మిగులుతాయి. మీరు 700 అడుగుతారు, అది కాదంటుంది. 500 అడిగి చూడండి. యంత్రం తప్పు వల్లో, నగదు లేకపోవడం వల్లో విఫలమైన ప్రయత్నాన్ని నెలవారీ ఉచిత లెక్కలో కలపకూడదు. ఆ ఉచితాలు సొంత బ్యాంకు ఏటీఎంలో 5, పరాయి బ్యాంకు ఏటీఎంలో హైదరాబాద్ లాంటి మెట్రోలో 3, మిగతా చోట్ల 5. అవి దాటితే 2025 మే నుంచి ఒక్కోసారికి 23 రూపాయల దాకా, పైన పన్ను.

వేలిముద్ర పడటం లేదు

ఇది పెద్ద రోగం. మిషను మీద వేలు పెట్టి డబ్బు తీసుకునే పద్ధతి, అంటే ఆధార్ చెల్లింపు, బ్యాంకు లేని ఊళ్ళకు నిజంగానే దారి చూపింది. బ్యాంక్ మిత్ర, సీఎస్‌పీ, మినీ బ్యాంకు, ఎవరి నోట ఏ పేరున్నా పని అదే. కానీ నాట్లేసిన చేతులకు, బట్టలుతికిన చేతులకు, సున్నం కలిపిన చేతులకు గీతలు ఎక్కడ మిగులుతాయి? "పెద్దమ్మా, వేలు సరిగ్గా పెట్టు" అని మిషను దగ్గరి పిల్లాడు పదిసార్లు అంటే, తప్పు తనదే అనుకుని ఆ మనిషి కుంచించుకుపోతుంది.

చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవాలి. చర్మం మరీ ఎండి ఉంటే కాస్త తడి తగిలించాలి, మిషను అద్దం కూడా తుడవమనాలి. బొటనవేలే పెట్టాలన్న రూలు లేదు, పది వేళ్ళలో ఏదైనా సరే. ఉంగరపు వేలు పనిచేసిన వాళ్ళను చూశాను. అయినా పడకపోతే కంటిపాప మిషను ఉందా అని అడగండి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ 2025లో ముఖం చూపించి లావాదేవీ చేసే ఏర్పాటు కూడా తెచ్చింది. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా తీయించుకోవడం శాశ్వత వైద్యం, అది కూడా గీతలు మిగిలిన చేతులకే.

వేలు పడినా మిషను ఒప్పుకోని సందర్భాలున్నాయి. బ్యాంకు పేరు తప్పుగా నొక్కి ఉంటారు. పాత బ్యాంకు మరో బ్యాంకులో కలిసిపోయి ఉంటే ఇది తరచూ జరుగుతుంది. లేదా ఇంట్లో చదువుకున్న పిల్లలెవరో ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసి ఉంటారు, అంటే మీ వేలిముద్ర ఎక్కడా పనిచేయకుండా తాళం వేసి ఉంటారు. లాక్ మంచిదే. రిజిస్ట్రేషన్ దస్తావేజుల మీది వేలిముద్రలతో నకిలీ ముద్రలు పోసి ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు మన దగ్గరే పట్టుబడ్డాయి. డబ్బు తీసే ముందు ఆధార్ యాప్‌లో అన్‌లాక్ చేసి వెళ్ళాలి, అంతే. ఇంకోటి, ఈ పద్ధతిలో ఒక్కసారికి 10,000 రూపాయలే పరిమితి.

ఇప్పుడు ఎవరూ పైకి చెప్పని సంగతి. "ఫెయిలైంది, మళ్ళీ పెట్టు" అని రెండోసారి వేలు పెట్టించుకుని, మొదటిసారి వచ్చిన నోట్లు తమ జేబులో వేసుకునేవాళ్ళు ఉన్నారు. అందరూ అలా కాదు, చాలామంది ఏజెంట్లు బక్క కమిషన్ మీద ఎండలో కూర్చునే మనుషులే. అయినా ప్రతి వేలికీ ఒక స్లిప్పు అడగండి, ఫెయిలైనా సరే, ఫెయిల్ అని రాసి ఉన్న స్లిప్పు. వెయ్యికి ఇంతని మీ దగ్గర పట్టుకోవడానికి బ్యాంకు తరఫు ఏజెంటుకు హక్కు లేదు, వాళ్ళ కమిషన్ బ్యాంకు ఇస్తుంది.

ఏదీ కాకపోతే? పాస్‌బుక్కు తీసుకుని మీ బ్రాంచికి వెళ్ళి విత్‌డ్రాయల్ ఫారం నింపండి. వేలిముద్ర మిషను ఒక దారి మాత్రమే, అది మూసుకుంటే ఖాతా మూసుకున్నట్టు కాదు. "వేలు పడితేనే ఇస్తాం" అంటే ఆ మాట రాసిమ్మనండి. రాసివ్వమనగానే చాలాసార్లు ఫారం దొరుకుతుంది.

"మీ ఖాతా ఆగిపోయింది" అంటున్నారు

ఎందుకు ఆగిందో రెండో ప్రశ్న వేయండి. రెండేళ్ళకు పైగా మీరు ఏ లావాదేవీ చేయకపోతే ఖాతా నిద్రలోకి పోతుంది. లేపడానికి రుసుము లేదు, సొంత బ్రాంచికే పోనక్కర్లేదు, కాగితాలు సరిగ్గా ఇస్తే మూడు పనిదినాల్లో తెరవాలి. నిద్రపోయిన ఖాతాలో కనీస నిల్వ లేదని జరిమానా వేయకూడదు కూడా. 2024 ఏప్రిల్ నుంచి ఈ నియమాలు ఉన్నాయి. పదేళ్ళు దాటితే సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, అయినా హక్కు పోదు. తాతగారి పాత ఖాతాలు వెతకడానికి ఉద్గమ్ అనే పోర్టల్ ఉంది.

కేవైసీ, అంటే మీ గుర్తింపు, చిరునామా కాగితాల గడువు దాటడం ఇంకో కారణం. చిరునామా ఏమీ మారకపోతే "మార్పు లేదు" అని మీరు రాసిచ్చే కాగితం చాలు. ఫోనుకొచ్చిన లింకు నొక్కి కేవైసీ చేయడం మాత్రం వద్దు, అది దొంగ.

జరిమానాలతోనే ఖాతా అరిగిపోతుంటే, దాన్ని బేసిక్ సేవింగ్స్ ఖాతాగా మార్చమని రాసివ్వండి. జన్‌ధన్ ఖాతాలు ఈ రకమే. కనీస నిల్వ అక్కర్లేదు, కార్డు ఉచితం, బ్రాంచిలో నగదు వేసుకోవడం, నెలకు కనీసం నాలుగుసార్లు తీసుకోవడం ఉచితం.

ప్రభుత్వ డబ్బు పడిందంటున్నారు, నా ఖాతాలో లేదు

మా అమ్మ కథ ఇదే. ఆధార్ ఆధారంగా పంపే సొమ్ము మీరిచ్చిన ఖాతా నంబరు చూడదు. బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ పట్టికలో మీ ఆధార్ పక్కన చివరగా ఏ బ్యాంకు పేరు ఎక్కిందో అక్కడికి పోతుంది. 2024 జనవరి నుంచి ఉపాధి హామీ కూలి కూడా ఈ దారినే వస్తోంది. సిమ్ కొన్నప్పుడో, ఎవరో శిబిరం పెట్టి ఖాతా తెరిచినప్పుడో టిక్కు పెట్టిన గడి ఆ పట్టికను మార్చేస్తుంది. మా అమ్మ డబ్బు రెండు విడతలూ భద్రంగా ఉంది, తనకున్నట్టే గుర్తులేని ఖాతాలో. మైఆధార్ వెబ్‌సైటులో "బ్యాంక్ సీడింగ్ స్టేటస్" చూస్తే ఏ బ్యాంకో ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మార్చుకోవాలంటే మీకు కావాల్సిన బ్యాంకులో ఆధార్ సీడింగ్ ఫారం ఇవ్వాలి. "ఆధార్ లింక్ అయింది" అని వాళ్ళంటే సరిపోదు. ఖాతాకు లింకు వేరు, ఆ పట్టికలో బ్యాంకు పేరు ఎక్కించే ఈ సీడింగ్ వేరు. ఈ తేడా తెలియకే మేం నెలల తరబడి తిరిగాం.

చిన్న వ్యాపారి ఖాతా ఉన్నట్టుండి బిగుసుకుపోయింది

చేపలమ్మే ఆమె ఖాతాలో ఎవరో 350 రూపాయలు స్కాన్ చేశారు. ఆ మనిషి చేతిలోది సైబర్ మోసపు సొమ్ము. ఎక్కడో బాధితుడు ఫిర్యాదు ఇస్తే, ఆ డబ్బు తాకిన ఖాతాలన్నీ వరసగా హోల్డ్ అవుతాయి. ఆమెకు తెలిసేది మాత్రం పొద్దున్నే సరుకు కొనబోతే పేమెంట్ ఫెయిలైనప్పుడు.

బ్యాంకులో నాలుగు వివరాలు అడగండి: ఏ రాష్ట్రం ఏ స్టేషను, ఫిర్యాదు నంబరు, వివాదంలో ఉన్న మొత్తం, విచారణ అధికారి ఈమెయిల్. ఆ 350 మీదే హోల్డ్ పెట్టి మిగతాది వదలమని బ్యాంకుకూ, పోలీసులకూ రాయండి. వివాదంలో ఉన్న మొత్తానికే నిలుపుదల పరిమితం చేయమని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది, ఆ ముక్క ఉత్తరంలో రాస్తే బలం. ఖాతా తెరిపిస్తానని ఫోను చేసి డబ్బడిగేవాడు రెండో దొంగ.

మోసపోయింది మీరే అయితే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోను చేయండి. మీ తప్పూ బ్యాంకు తప్పూ లేని మోసమైతే మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెప్పాలి, అప్పుడు మీ బాధ్యత సున్నా.

స్మార్ట్‌ఫోను లేదు

బటన్ ఫోను చాలు, సిమ్ మాత్రం బ్యాంకులో ఇచ్చిన నంబరుదే కావాలి. *99# నొక్కితే నెట్ లేకుండానే నిల్వ చూడొచ్చు, ఒకసారికి 5,000 దాకా పంపొచ్చు. తెలుగు కూడా ఉంది. మాట వింటూ అంకెలు నొక్కే యూపీఐ 123పే 2022లో వచ్చింది.

చేతికొచ్చింది, చెల్లడం లేదు

పది రూపాయల బిళ్ళ: రిజర్వు బ్యాంకు 2018లోనే 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని చెప్పింది. 14440కి చేస్తే అదే మాట వినిపిస్తుంది, స్పీకర్ పెట్టి కొట్టువాడికి వినిపించండి. చిరిగిన నోటును ఏ బ్యాంకు బ్రాంచైనా తీసుకోవాలి. 50, అంతకు పై నోట్లలో 80 శాతానికి మించి ముక్క మిగిలితే పూర్తి విలువ, 40 నుంచి 80 అయితే సగం.

మనిషి మంచం మీద ఉంది, బ్యాంకు "తీసుకురండి" అంటోంది

2020లో ఒడిశాలోని నువాపడా జిల్లాలో ఒక కూతురు వందేళ్ళు దాటిన తల్లిని మంచంతో సహా బ్యాంకుకు ఈడ్చుకెళ్ళిన దృశ్యం దేశమంతా చూసింది. ఆ రోజుకీ నియమం ఉంది, అమలే లేదు. 70 దాటినవాళ్ళకు, వికలాంగులకు ఇంటికే నగదు తెచ్చిచ్చే ఏర్పాటు చేయాలని రిజర్వు బ్యాంకు 2017 నవంబరులోనే బ్యాంకులకు చెప్పింది. ప్రభుత్వ బ్యాంకుల డోర్‌స్టెప్ సేవకు ముందుగా పేరు నమోదు చేయించుకోవాలి. పోస్ట్‌మ్యాన్ కూడా ఇంటికొచ్చి వేలిముద్ర మిషనుతో ఏ బ్యాంకు డబ్బైనా తీసిస్తాడు.

సంతకం పెట్టలేని స్థితైతే వేలిముద్ర. చేతి వేలు కుదరకపోతే కాలి బొటనవేలి ముద్ర కూడా చెల్లుతుంది. ఇద్దరు సాక్షులు కావాలి, వాళ్ళలో ఒకరు బ్యాంకు అధికారే అయి ఉండాలి. అంటే ఆ అధికారి మంచం దగ్గరికి రావాలన్నమాట. డాక్టరు కాగితం జతచేసి, బ్రాంచి మేనేజరు పేర రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి.